160 డిగ్రీల ఒప్పందం

మా ఇంట్లో నా జుట్టుకు ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. నాయనమ్మ మురిపెంగా "ఉంగరాల జుట్టు" అంటుంది. అమ్మ మామూలుగా "నొక్కుల జుట్టు" అంటుంది కానీ, పొద్దున్నే దువ్వెన చేతిలో ఉన్నప్పుడు అది "కొబ్బరి పీచు" అయిపోతుంది. తమ్ముడికి ఎప్పుడూ "మ్యాగీ"నే. స్కూల్లో "సాయిబాబా" అనేవాళ్ళు. ఒక పార్లర్‌లో అయితే ఒక పాయ వేళ్ళ మధ్య పట్టుకుని, రిపోర్టు చదివే డాక్టర్‌లా "ఫ్రిజ్జీ, డ్రై, డ్యామేజ్డ్" అన్నారు. వెంట్రుక అదే, పిలిచేవాళ్ళని బట్టి జబ్బో అందమో అవుతుంది.

ఈ వ్యాసం అలాంటి జుట్టుకు స్ట్రెయిట్‌నర్ ఎలా ఎంచుకోవాలనే దాని గురించి. నవ్వకండి. ప్లేస్‌మెంట్లు మొదలయ్యే ముందు ప్రతి ఏడాదీ అమ్మాయిల గ్రూపులో ఒక మెసేజ్ వస్తుంది: "అక్కా, కర్లీ హెయిర్‌కి ఏది మంచిది? బడ్జెట్ 2000." కింద పది బ్రాండ్ పేర్లు వచ్చి పడతాయి. అది ఎంత వేడెక్కుతుంది, ఆ వేడి మన చేతిలో ఉంటుందా ఉండదా అని ఒక్కళ్ళు కూడా అడగరు. హీట్ ట్రాన్స్‌ఫర్‌లో పాసైన వాళ్ళమే అందరం!

మా ఇంట్లో ఈ ప్రశ్న బడ్జెట్‌తో మొదలవలేదు. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో "నీట్‌గా రండి" అన్నారు. ఉంగరాల జుట్టు నీట్ కాదని ఎవరూ అనలేదు, ఏ స్లైడ్‌లోనూ రాయలేదు. కానీ స్లైడ్‌లో "నీట్" అని చూపించిన అమ్మాయిలందరి జుట్టూ స్కేలు పెట్టి గీసినట్టుంది. ఆ మాట ఇంట్లో చెప్పగానే అమ్మ ఒక నిర్ణయానికి వచ్చేసింది. "స్మూతెనింగ్ చేయిద్దాం. ఒకసారి చేయిస్తే నెలల తరబడి చూసుకోనక్కర్లేదట. ఎలాగూ ఉద్యోగం వచ్చాక సంబంధాలు చూడాలి కదా."

నేను వద్దన్నాను. మరి ఇంటర్వ్యూకి ఎలా వెళ్తావంది. రెండు రోజులు ఇంట్లో ఇదే చర్చ. మా క్వార్టర్స్ గోడలు పల్చన, పక్కింటి ఆంటీ కూడా తన అభిప్రాయం చెప్పారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. అమ్మ షరతు: ఇంటర్వ్యూ రోజున జుట్టు నిటారుగా ఉండాలి. నా షరతు: ఆదివారం తలస్నానం చేశాక నా ఉంగరాలు నాకు తిరిగి రావాలి, ఒక్క నొక్కు కూడా తగ్గకుండా. పార్లర్ ఖర్చులో మూడో వంతు నా చేతికిస్తే, ఈ రెండూ చేసి పెట్టే పనిముట్టు వెతుకుతానన్నాను. స్ట్రెయిట్‌నర్ ఎంపికలో అసలు పరీక్ష రెండో షరతే. నిటారు చేయడం ఏ చవక పనిముట్టుకైనా వచ్చు. పాడు చేయకుండా తిరిగి ఇవ్వడం కొన్నింటికే వచ్చు.

ముందు ఉంగరాలు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం. నాకు యాదగిరిగుట్టలో రెండుసార్లు గుండు చేయించారు. మొదటిది మొక్కు. రెండోది, "గుండు కొట్టిస్తే ఈసారి సాఫీగా వస్తుంది" అన్న ఎవరిదో సలహా. రెండుసార్లూ అవే ఉంగరాలు మొలిచాయి. ఎందుకంటే వెంట్రుక ఆకారం చర్మం కింద, కుదురులోనే నిర్ణయమైపోతుంది. కుదురు వంపు తిరిగి ఉంటే వెంట్రుక ఒంపు తిరిగి వస్తుంది, అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాక కోలగా ఉంటుంది. పైనున్నది ఎన్నిసార్లు గొరిగినా కిందున్న అచ్చు మారదు కదా. ఇంకో సంగతి. తలలో ఊరే సహజమైన నూనె నిటారు వెంట్రుక మీద జారినంత తేలిగ్గా ఒంపుల మీద జారదు. అందుకే ఉంగరాల జుట్టు చివర్లు తొందరగా పొడిబారతాయి, ఒంపుల దగ్గర తొందరగా తెగుతాయి. అంటే వేడికి తట్టుకునే శక్తి ఎవరికి తక్కువో, వాళ్ళే ఎక్కువ వేడి పెట్టుకుంటున్నారన్నమాట.

వెంట్రుకంతా కెరటిన్ అనే ప్రొటీన్. ఆ ప్రొటీన్ గొలుసుల్ని పట్టి ఉంచే బంధాల్లో మనకు పనికొచ్చేవి రెండు రకాలు. హైడ్రోజన్ బంధాలు పిన్నీసుల లాంటివి. నీళ్ళు తగిలినా వేడి తగిలినా ఊడతాయి, ఆరినా చల్లారినా అప్పుడున్న ఆకారంలోనే మళ్ళీ పడతాయి. డైసల్ఫైడ్ బంధాలు కుట్ల లాంటివి, నీళ్ళకు ఊడవు. స్ట్రెయిట్‌నర్ చేసేది పిన్నీసుల పనే. వేడితో ఊడదీసి, నిటారుగా పట్టుకుని, చల్లారేలోపు మళ్ళీ పెడుతుంది. అందుకే ఆగస్టు వానలో బయటికెళ్తే గాల్లో తేమ తగిలి పిన్నీసులు ఊడిపోయి ఉంగరాలు లేస్తాయి. అందరూ దాన్ని స్ట్రెయిట్‌నర్ వైఫల్యం అనుకుంటారు. నా షరతు ప్రకారం అది విజయం. తిరిగి వచ్చే దారి ఇంకా తెరిచే ఉందని అర్థం.

పర్మనెంట్ అని చెప్పేవాటిలో చాలావరకు రసాయనంతో కుట్లే విప్పి, నిటారుగా పెట్టి మళ్ళీ కుడతారు. కుదురు నుంచి కొత్త జుట్టు వచ్చేదాకా పాత ఉంగరం రాదు. కెరటిన్ ట్రీట్‌మెంట్ పేరుతో వాడే కొన్ని ద్రావణాలు వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. మన కెమిస్ట్రీ ల్యాబ్‌లో మూత తీస్తే కళ్ళు మండే సరుకది. అమెరికాలో సుమారు 33 వేల మంది ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రసాయన స్ట్రెయిటెనింగ్ తరచుగా చేయించుకున్న వాళ్ళలో గర్భాశయ క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. కారణం ఇదేనని ఆ అధ్యయనం తేల్చలేదు. అయినా ఈ ఒక్క పేరా చదివి వినిపించాక అమ్మ పార్లర్ మాట ఎత్తలేదు.

ఇక వేడి సంగతి. ఈ పాఠం నేను ల్యాబ్‌లో కన్నా ముందు మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర నేర్చుకున్నాను. అక్కడి తాత ఇప్పటికీ బొగ్గుల పెట్టె వాడతాడు. దానికి డయల్ లేదు. తడి వేలు అలా తగిలించి, "చుయ్" అన్న చప్పుడును బట్టి వేడి ఎంతో చెప్పేస్తాడు. కాటన్ చొక్కా అయితే నీళ్ళు చల్లి గట్టిగా నొక్కుతాడు. పట్టుచీర ఇస్తే మాత్రం పెట్టె పక్కన పెట్టి కాసేపు ఆగుతాడు. "పట్టు పాణమున్న బట్ట బిడ్డా, కాలితే మళ్ళ రాదు" అంటాడు. కరెంటు ఇస్త్రీ పెట్టెలకు వాడే చుక్కల గుర్తుల్లోనూ ఇదే లెక్క. ఒక చుక్క అంటే సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలు సుమారు 150, మూడు సుమారు 200. కాటన్‌ది మూడు చుక్కల వేడి. పట్టుకు, ఉన్నికి అంత పనికిరాదు. పట్టు, ఉన్ని, వెంట్రుక మూడూ ప్రొటీన్లే. కాటన్ సెల్యులోజ్. పట్టుచీరకు 200 పెట్టమంటే కళ్ళెర్రజేసే ఇంట్లోనే, తలకు 230 పెట్టుకుంటే ఎవరూ పట్టించుకోరు.

ఈ మాట అంటే అమ్మ కాసేపు ఊరుకుని, ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెప్పింది. డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ డే కోసం స్నేహితురాలి ఇంట్లో చాప మీద పడుకుని, జుట్టు పీట మీద పరిచి, పైన న్యూస్‌పేపర్ వేసి బట్టల ఇస్త్రీ పెట్టెతో లాగించుకుందట. మాడు వాసన వచ్చిందట. మెడ దాకా కత్తిరించాల్సి వచ్చిందట. ఆ తర్వాత నూనె పెట్టి బిగించి జడ వేసుకోవడమే. అమ్మది కూడా నొక్కుల జుట్టని నాకు తెలుసు గానీ, విరబోసుకుంటే ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళి ఆల్బంలో కూడా జడే. స్మూతెనింగ్ చేయిద్దామన్న పట్టుదల ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. తన జుట్టుకు జరిగింది నాకు జరగకూడదని, ఆ పని తెలిసినవాళ్ళ చేతికి అప్పగిద్దామనుకుంది పాపం.

షాపింగ్‌కి వెళ్ళే ముందు మేం ఒక చిన్న ప్రయోగం చేశాం. ఫ్రెండ్స్ దగ్గరున్న మూడు స్ట్రెయిట్‌నర్లు పోగేసి, ల్యాబ్ మల్టీమీటర్‌కు కె-టైప్ థర్మోకపుల్ తగిలించి, ప్లేట్ల మధ్య పెట్టి చూశాం. (ఐఆర్ గన్‌తో చూడొద్దు. మెరిసే ప్లేటు మీద అది అసలు వేడి కన్నా తక్కువ చూపిస్తుంది.) ఫుట్‌పాత్ మీద కొన్న, పేరు కూడా సరిగా లేని ఒకదానికి ఆన్-ఆఫ్ బటన్ తప్ప ఇంకేమీ లేదు. అది 200 దాటి అక్కడే కూర్చుంది. దాని యజమానురాలు మూడు నెలలుగా "నా జుట్టు ఎందుకు చిట్లుతోంది" అని షాంపూలు మారుస్తోంది.

డయల్ లేకపోయినా అది ఎందుకు మండిపోలేదంటే, చవక వాటిలో చాలావాటికి లోపల పీటీసీ హీటర్ ఉంటుంది. బేరియం టైటనేట్ రకం సిరామిక్. ఒక ఉష్ణోగ్రత దాటగానే దాని నిరోధం అమాంతం పెరిగి, కరెంటు తనంతట తనే తగ్గిపోతుంది. తెలివైన పదార్థమే. కానీ ఏ డిగ్రీ దగ్గర ఆగాలో ఫ్యాక్టరీలో నిర్ణయించారు, మీ జుట్టును చూసి కాదు. ఒకే వేడి మీద నడవడం తప్పేమీ కాదు. జీహెచ్‌డీ అనే బ్రిటిష్ కంపెనీ తన చాలా మోడళ్ళను కావాలనే 185 దగ్గర నిలిపేసింది. ఆ అంకె చెప్పి మరీ అమ్ముతుంది. అంకె చెప్పకుండా అమ్మేదాన్ని కొనకండి.

కాబట్టి మొదటి నియమం: డిగ్రీలు కనిపించాలి, మనం తగ్గించుకోగలగాలి. "లో, మీడియం, హై" అని మాత్రమే ఉంటే బాక్స్ మీద వాటి అంకెలు వెతకండి. పల్చటి జుట్టుకు, రంగు వేసిన జుట్టుకు 150 లోపే చాలు. మామూలు అలల జుట్టుకు 150 నుంచి 180. బాగా దట్టంగా, బిరుసుగా ఉన్న ఉంగరాలకు కూడా 200 దాటాల్సిన పని లేదు. పొడి వెంట్రుకలో కెరటిన్ నిర్మాణం 230 చుట్టుపక్కల కూలిపోతుంది. అక్కడ పిన్నీసులూ కుట్లూ కాదు, గుడ్డే కాలిపోతుంది. బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో "230 డిగ్రీలు" అని రాసేది గొప్ప కోసం. కారు స్పీడోమీటర్ మీద 220 ఉందని తార్నాక ఫ్లైఓవర్ మీద అంత వేగంతో వెళ్తామా?

ప్లేట్ల దగ్గర షాపువాళ్ళు మనల్ని బాగా ఊదరగొడతారు. జనరల్ బజార్ వైపు ఒక షాపులో "టైటానియం మేడమ్, వేడి ఫాస్ట్‌గా పాస్ అవుతుంది" అన్నారు. మన డేటాబుక్ తీయండి. ఉష్ణ వాహకత అల్యూమినియానికి సుమారు 237, టైటానియానికి సుమారు 22 వాట్ పర్ మీటర్ కెల్విన్. పదో వంతు కూడా లేదు! మామూలు ధరల్లో దొరికేవాటిలో లోపలుండేది ఎక్కువగా అల్యూమినియమే, టైటానియమో సిరామికో పైపూత. పూత పనికిరాదని కాదు. అది నున్నగా ఉంటే వెంట్రుక పట్టుకోకుండా జారుతుంది, పెచ్చు లేస్తే అదే చోట పట్టి లాగుతుంది. అందుకని పేరు అడగడం మానేసి ప్లేటు మీద గోరుతో మెల్లగా రాసి చూడండి. టూర్మలిన్, అయాన్లు అన్న మాటల కోసం మాత్రం నేను ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టను.

రెండో నియమం: ప్లేట్లు రెండూ పూర్తిగా కలవాలి. మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మధ్యలో సందు కనిపిస్తే అక్కడ జుట్టుకు వేడి తగలదు, మళ్ళీ మళ్ళీ లాగాల్సి వస్తుంది. ప్లేట్ల వెనక స్ప్రింగో రబ్బరో ఉండి కొంచెం కదిలేవి మంచివి. ఒకే పాయ మీద అయిదుసార్లు ఆదరాబాదరాగా లాగడం కన్నా, సన్నటి పాయ తీసుకుని ఒక్కసారి నిదానంగా లాగడం నయం. వెడల్పు అంగుళం చాలు. నడుం దాకా దట్టంగా ఉంటే అంగుళంన్నర చూసుకోండి.

మూడోది భద్రత. 230 వోల్టులకు చేసినదై ఉండాలి. విదేశాల నుంచి బావ తెచ్చిన 110 వోల్టులది ప్లగ్ మార్చి పెట్టేయకండి. రెండు పిన్నుల ప్లగ్ ఉంటే, ఒక చదరంలో ఇంకో చదరం ఉన్న గుర్తు వెతకండి. ఎర్త్ అక్కర్లేకుండా రెండు పొరల ఇన్సులేషన్ ఉందని దాని అర్థం. తీగ హ్యాండిల్ దగ్గర గిర్రున తిరగాలి, లేకపోతే నాలుగు నెలల్లో అక్కడే తెగుతుంది. తనంతట తనే ఆగిపోయే సదుపాయం ఉంటే హాస్టల్ పరుపులకు మంచిది. వార్డెన్ మేడమ్‌కు ఒక మనవి: బట్టల ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు తాగితే ఇది తాగేది 40, 50. పాత సీలింగ్ ఫ్యాన్ కన్నా తక్కువే.

ఇస్త్రీ బండి తాత దగ్గర నేర్చుకోకూడనిది కూడా ఒకటుంది: నీళ్ళు చల్లడం. వెంట్రుక పైన పెంకుల్లాంటి పొర ఉంటుంది. తడిగా ఉండగా వేడి ప్లేట్ల మధ్య నొక్కితే లోపలి నీరు ఆవిరై, బయటికి దారి లేక బుడగలు చేస్తుంది. చర్మవైద్యులు దాన్ని బబుల్ హెయిర్ అంటారు. అక్కడ వెంట్రుక పుటుక్కున తెగుతుంది. పూర్తిగా ఆరాకే పెట్టాలి, అదీ రోజూ కాదు. కొబ్బరినూనె కూడా ముందురోజు రాసి కడిగేయాలి గానీ, నూనె తల మీద ఇస్త్రీ పెడితే పకోడీల వాసన వస్తుంది. మా ఇంట్లోలా నల్లా నీళ్ళు ఒకరోజు, బోరు నీళ్ళు ఒకరోజు అయితే, ఇంటర్వ్యూ ముందు తలస్నానం నల్లా నీళ్ళతో చేయండి. బోరు నీళ్ళ కాల్షియం వెంట్రుక మీద గరుకుగా పేరుకుంటుంది. అది పోగొట్టడానికి మనం డయల్ పైకి తిప్పుతాం.

ఇంత చెప్పాక సాహిత్య క్లబ్ పత్రికలో సాహిత్యం ఏదని అడుగుతారు. "అలకలు" అంటే ముంగురులు. తెలుగులో "అలక" అంటే కోపం కూడా. నంది తిమ్మన సత్యభామ అలకకు ఒక కావ్యమే కావాల్సి వచ్చింది. మన పాత కవులు వర్ణించిన కురులు ఒంపులు తిరిగినవే, స్కేలు జుట్టు నాయిక నాకింతవరకు తగల్లేదు. పారిస్‌లో 1872 ప్రాంతంలో మార్సెల్ గ్రాటో అనే క్షురకుడు వేడి ఇనుముతో పేరు తెచ్చుకున్నది నిటారు జుట్టుకు అలలు పెట్టినందుకు! అమెరికాలో నల్లజాతి స్త్రీలు తరతరాలుగా వేడి దువ్వెనలతో జుట్టు సాగదీసుకుని ఉద్యోగాలకు వెళ్ళారు. చివరికి 2019లో కాలిఫోర్నియా, జుట్టు సహజ స్వభావాన్ని బట్టి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపకూడదని క్రౌన్ చట్టం చేసింది. మనకు అలాంటి చట్టం లేదు. 2011లో "అలా మొదలైంది"లో నిత్యా మేనన్, తర్వాత అనుపమా పరమేశ్వరన్ తెర మీద ఉంగరాలతోనే కనిపించారు. నాయనమ్మకు అదే చాలు. "చూడవే, హీరోయిన్లే వేసుకుంటుంటే" అంటుంది, అదేదో నగ అయినట్టు.

నేను చివరికి కొన్నది డిగ్రీలు కనిపించే, అంగుళం ప్లేట్ల మామూలు మోడల్. చెవి వెనక ఒక చిన్న పాయ తీసుకుని 140తో మొదలుపెట్టి పదేసి డిగ్రీలు పెంచాను. 160 దగ్గర ఒక్క లాగుతో నిలబడింది, అక్కడే ఆపాను. తర్వాత ఆ పాయ తడిపి ఆరబెట్టాను. అరగంటలో ఉంగరం తిరిగి వచ్చింది. అమ్మ దగ్గరుండి చూసింది. ఇదే నేను మీకు చెప్పే పరీక్ష. తడిపాక ఒంపు పూర్తిగా రాకుండా, చివర పీచులా వేలాడిపోతే ఆ వేడి మీది కాదు, తగ్గించండి.

ఆ సీజన్‌లో మూడు కంపెనీలకు నిటారు జుట్టుతో వెళ్ళాను. నాలుగోదానికి మెట్టుగూడలో మెట్రో ఎక్కేలోపే వాన తగిలి, రాయదుర్గం చేరేసరికి సగం ఉంగరాలు, సగం గీతలు. ఎందులో ఆఫర్ వచ్చిందో చెప్పను. నాలుగు డేటా పాయింట్లతో జుట్టుకూ జీతానికీ గ్రాఫ్ గీయడం మన స్టాటిస్టిక్స్ సార్‌కు నచ్చదు. ఇంటర్వ్యూ గదిలో మాత్రం ఎవరూ నా జుట్టు గురించి అడగలేదు, పాయింటర్ల గురించే అడిగారు.

స్ట్రెయిట్‌నర్ ఇప్పుడు బీరువాలో అమ్మ పట్టుచీరల పక్కన ఉంటుంది. నెలకు ఒకటి రెండుసార్లు తీస్తాను, నాకు బుద్ధి పుట్టినప్పుడు. ప్లగ్ పెట్టిన చప్పుడు వినగానే వంటింట్లోంచి అమ్మ అడిగేది ఒకే ప్రశ్న: "ఎంతలో పెట్టావ్?"

నాది 160. మీది ఎంతో చెవి వెనక పాయ మీద వెతుక్కోండి.